కట్టుబట్టల నుంచి అత్యవసర సంచి వరకు: ఆంధ్రతీరంలో ఆపత్కాలపు బట్టల మూట – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆపద ముంచుకొచ్చినప్పుడు ఇల్లు విడిచే కుటుంబం వెంట తీసుకుపోయే బట్టల మూటకు ఒక చరిత్ర ఉంది. ఆ మూటలోకి ఏ బట్ట చేరింది, ఏది ఇంట్లోనే మిగిలిపోయింది అన్న ఎంపిక ఆ కాలపు ఆర్థిక స్థితిని, హెచ్చరిక అందిన వ్యవధిని, స్త్రీపురుషుల మధ్య ఉన్న తేడాను, దానం పట్ల సమాజపు దృష్టిని ఒకేసారి చూపుతుంది. 1864 నాటి బందరు ఉప్పెన మొదలు 2024 నాటి బుడమేరు వరద దాకా ఆంధ్రప్రాంతంలో సంభవించిన విపత్తులను ప్రధాన ఆధారంగా, బ్రిటన్, జపాన్ దేశాల అనుభవాన్ని పోలికగా తీసుకొని ఈ వ్యాసం ఆ ఎంపికను పరిశీలిస్తుంది. ఆస్తిగా దాచుకొనే బట్టకూ, ఒంటికి అవసరమైన బట్టకూ మధ్య ఉన్న వైరుధ్యమే ఈ చరిత్రకు ఇరుసు అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కట్టుబట్టలు, మూటాముల్లె, ఉప్పెన, దివిసీమ, పునరావాసం, అత్యవసర సంచి, వస్త్ర చరిత్ర.

1. ప్రవేశిక

తుపాను వార్త రాసే తెలుగు విలేఖరికి ఒక పదం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: కట్టుబట్టలు. బాధితులు కట్టుబట్టలతో మిగిలారనీ, కట్టుబట్టలతో బయటపడ్డారనీ రాయని పత్రిక ఉండదు. వాడుకలో అరిగిపోయిన ఈ పదం నిజానికి చాలా కచ్చితమైనది. ఒంటిమీద కట్టుకున్న బట్ట తప్ప మార్చుకోవడానికి మరొకటి లేని స్థితి అది. తిండి లేకపోవడం, నీడ లేకపోవడం వంటి నష్టాలను విడిగా చెప్పే భాష, సర్వస్వం పోవడాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం బట్టనే కొలమానంగా ఎంచుకుంది.

దీనికి ఎదురుగా నిలిచే పదబంధం మూటాముల్లె. సమయం చిక్కినవాడు మూటాముల్లె సర్దుకొని పోతాడు. చిక్కనివాడు కట్టుబట్టలతో పోతాడు. ఈ జంటలో మూట వేరు, ముల్లె వేరు. ముల్లె అంటే ధనం, దాచుకున్న విలువ. మూట అంటే వెంట మోసే సామాను. అయితే ఉమ్మడి గోదావరి, కృష్ణా జిల్లాల ఇళ్ళలో ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండేది కాదు. ఎందుకంటే బట్టే చాలా కుటుంబాలకు ముల్లె. పెళ్ళినాటి పట్టుచీర, జరీ అంచు పంచెల చాపు అవసరానికి తాకట్టుకు పోగలవు. అందువల్ల ఆపద వేళ బట్టలు సర్దుకోవడం అన్న చిన్న పని వెనుక ఒక పెద్ద సందేహం ఉంటుంది: విలువైనది తీసుకోవాలా, వాడుకొనేది తీసుకోవాలా?

విపత్తుల చరిత్ర రాసినవారు గాలివేగం, నీటి ఎత్తు, మృతుల సంఖ్య, కొట్టుకుపోయిన పశువుల లెక్క నమోదు చేశారు. ఇంటి మూటను పట్టించుకున్నవారు తక్కువ. ఈ లోటు యాదృచ్ఛికం కాదు. మూట కట్టేది ఎక్కువగా స్త్రీలు. నివేదిక రాసేది ప్రభుత్వ ఉద్యోగి.

2. దండెం, పెట్టె, భోషాణం

మూట గురించి మాట్లాడేముందు ఇంట్లో బట్ట ఎక్కడ ఉండేదో చూడాలి. తాటాకు కప్పిన పూరింట్లో రోజువారీ బట్టలకు చోటు దండెం. వెదురు గడనో, కొబ్బరితాడునో గోడ నుంచి గోడకు కట్టి దానిమీద వేసేవారు. పండుగకో పెళ్ళికో కట్టే బట్టలు మాత్రం పెట్టెలో ఉండేవి. కాస్త కలిగిన ఇంట్లో ఆ పెట్టె భోషాణం. నలుగురు పట్టినా కదలని ఆ కర్రపెట్టె దొంగకు, ఎలుకకు, చెదకు జవాబే గాని నీటికి జవాబు కాదు. ఇరవయ్యో శతాబ్దంలో రేకు ట్రంకుపెట్టె వచ్చాక పరిస్థితి మారింది. దానిని ఒక మనిషి నెత్తిన పెట్టుకొని నడవగలడు. రైలు ప్రయాణానికీ, కాపురానికి వెళ్ళే ఆడపిల్ల సారెకూ తోడైన ఆ పెట్టె, కదిలే ఇంటికి తొలి గుర్తు.

మరొక విషయం సాధారణంగా మరుగున పడుతుంది. ఇంటి బట్టల్లో కొంత భాగం ఎప్పుడూ ఇంట్లో ఉండేది కాదు, చాకిరేవులో ఉండేది. ముసురు పట్టిన కార్తీక మార్గశిరాల్లో ఉతికిన బట్ట ఆరక, ఇంటికి తిరిగి చేరడానికి మరిన్ని రోజులు పట్టేది. బంగాళాఖాతంలో తీవ్రమైన తుపానులు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. రెండే జతలున్న కూలి కుటుంబంలో ఒక జత ఒంటిమీద, ఒక జత దండెం మీద తడిగా ఉండేది. అటువంటి ఇంటికి మార్చుబట్టలు సిద్ధంగా ఉంచుకొమ్మని చెప్పే సలహా, లేని ధాన్యాన్ని గాదెలో పోసుకొమ్మనడం వంటిదే.

3. వ్యవధి ఇవ్వని నీరు

కోరంగి రేవును 1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ ఉప్పెనలు ముంచెత్తాయి. మొదటి ఉప్పెనలో ఒకదాని వెనుక ఒకటిగా మూడు పెద్ద అలలు వచ్చాయన్న వృత్తాంతాన్ని కలకత్తాలో ఉండి తుపానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ నమోదు చేశాడు. 1848లో ప్రచురించిన తన గ్రంథంలో సైక్లోన్ అన్న పదాన్ని ప్రతిపాదించినవాడు ఆయనే. 1839 ఉప్పెనకు తరచుగా ఉటంకించే మూడు లక్షల మృతుల సంఖ్యను, అంత చిన్న రేవు పరిసరాలకు అన్వయించేటప్పుడు, సందేహంతోనే చూడాలి. అయితే కోరంగి తిరిగి కోలుకోలేదన్నది మాత్రం కాదనలేని సత్యం.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. చీకటిలో, గాలిహోరులో, మైళ్ళ పొడవునా లోపలికి వచ్చిన ఆ నీరు ఎవరికీ మూట కట్టే అవకాశం ఇవ్వలేదు. ఇక్కడొక విధివైచిత్రి గమనించదగినది. ప్రపంచానికి బట్టలు కట్టబెట్టిన తీరం ఇది. బందరు కలంకారీ అద్దకాలు పర్షియాకు, ఐరోపాకు ఎగుమతి అయ్యాయి. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు మీదుగా మడపొల్లం అన్న నూలుగుడ్డ రకం ఆంగ్ల వర్తకంలో స్థిరపడింది. ఆ బేళ్ళను ఓడలకెత్తిన రేవుల్లోనే మనుషులు కట్టుబట్టలతో, కొందరు అవి కూడా లేకుండా మిగిలారు.

ఉప్పెనకూ నదీవరదకూ మధ్య తేడా ఇక్కడే తేలుతుంది. గోదావరి వరద మనిషికి రోజుల వ్యవధి ఇస్తుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ అంకెలు లంకగ్రామాల కుటుంబాలకు పంచాంగంలోని తిథుల వంటివి. ఎగువన అడుగు పెరిగితే దిగువన ఎన్ని గంటలకు నీరు వస్తుందో లెక్క వేసుకొని, బట్టలు అటక మీదికి ఎక్కించాలా, మూటకట్టి గట్టు మీదికి చేర్చాలా అని నిర్ణయించుకొనేవారు. 1986 ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు ఆ పాత లెక్క పనికిరాలేదు. అటక ఎక్కించిన బట్టలు అటకతోపాటే మునిగాయి. ఏటేటా వచ్చే వరద నేర్పిన పాఠమే పెనువరదలో పొరపాటుకు దారితీయడం విపత్తుల చరిత్రలో మళ్ళీమళ్ళీ కనిపించే సంగతి.

4. రంగం నుంచి వచ్చిన మూటలు

ఆంధ్రతీరపు కుటుంబాలు మూట కట్టడం నేర్చుకున్నది తుపానుల వల్ల మాత్రమే కాదు. యుద్ధం వల్ల కూడా. కళింగాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి రంగూనుకు కూలికి పోయినవారిని బర్మాలో కోరంగీలని పిలిచేవారు. ఒకప్పటి రేవు పేరు అలా ఒక జాతికి పేరయింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాక, వారిలో ఓడలకు డబ్బు, చోటు దొరికినవారు కాకినాడ, విశాఖపట్నం, మద్రాసు రేవులకు చేరారు. దొరకనివారు నడిచారు. ప్రోము నుంచి తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి ఒక దారి, తము మీదుగా మణిపూర్‌కు మరొక దారి, ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా లెడోకు ఇంకొక దారి. లక్షల మంది నడిచిన ఆ దారుల్లో వేలమంది కలరాకు, మలేరియాకు, ఆకలికి బలయ్యారు.

ఆ నడక మూటను ఎలా మార్చిందో ఆలోచించడం అవసరం. బయలుదేరినప్పుడు పెట్టె, కొండ ఎక్కేసరికి మూట, అడవి దాటేసరికి భుజాన ఒక దుప్పటి. ముందు పారేసేది బరువైన పాత్రలు, తరువాత మంచిబట్టలు. చివరిదాకా నిలిచేవి దుప్పటి, తువ్వాలు, పిల్లవాణ్ణి వీపున కట్టుకోవడానికి పనికివచ్చే పాతచీర. ఇంట్లో విలువ క్రమం ఒకటి, దారిలో విలువ క్రమం మరొకటి. మొదటిదాన్ని రెండవది పూర్తిగా తలకిందులు చేసింది. పాతబడి మెత్తబడిన నూలుచీర ఇంట్లో పొత్తిగుడ్డలకు, ఊయలకు, బొంతకు వాడేది. దారిలో అదే తాడు, అదే పరుపు, అదే గొడుగు, అవసరమైతే అదే శవానికి కప్పు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. మద్రాసు, విశాఖ, కాకినాడల నుంచి కుటుంబాలు లోపలి పల్లెలకు తరలిపోయాయి. ఎక్కువమంది కొద్ది వారాల్లో తిరిగి వచ్చినా, తలుపు దగ్గర ఒక పెట్టె సర్దిపెట్టుకొని ఉండటమన్న అలవాటు పట్టణ మధ్యతరగతికి అప్పుడే పరిచయమైంది. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం ఏర్పడ్డాక, జాతీయకరణ చర్యల కారణంగా బర్మా తెలుగువారు మరొకసారి ఓడలెక్కవలసి వచ్చింది. ఈసారి మూటను తేలిక చేసింది అడవి కాదు, సుంకపు అధికారి. నగలు, డబ్బు తెచ్చుకోవడానికి కఠినమైన పరిమితులు ఉండటంతో బట్టలే చేతికి మిగిలిన ఆస్తి అయ్యాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు నేటికీ నిలిచిన గుర్తు.

5. జాబితా ఎక్కడ పుట్టింది?

ఇంటి అనుభవంగా ఉన్న మూట ప్రభుత్వం ఇచ్చే జాబితాగా మారడం ఇరవయ్యో శతాబ్దపు పరిణామం. 1939 సెప్టెంబరు 1న బ్రిటన్ తన నగరాల నుంచి పిల్లలను పల్లెలకు తరలించడం మొదలుపెట్టింది. ప్రతి బిడ్డ వెంట ఏమి పంపాలో తల్లిదండ్రులకు ముందే జాబితా అందింది: గ్యాస్ ముసుగు, మార్చుకోవడానికి లోదుస్తులు, రాత్రి దుస్తులు, మేజోళ్ళు, చేతిరుమాళ్ళు, తువ్వాలు, వెచ్చని కోటు. చూడటానికి నిరపాయమైన ఈ జాబితా ఒక సామాజిక సత్యాన్ని బయటపెట్టింది. మురికివాడల పిల్లలు చాలామంది ఒక్క జతతో, చిరిగిన బూట్లతో పల్లెలకు చేరారు. ఆ కుటుంబాలకు అజాగ్రత్త అంటగట్టినవారున్నారు. కాని రెండవ జత వారి ఇళ్ళలో లేదు. జాబితా రాసిన అధికారి ప్రతి ఇంట్లో బీరువా ఉంటుందని అనుకున్నాడు. ఇదే పొరపాటు దేశదేశాల అత్యవసర సలహాల్లో నేటికీ కొనసాగుతోంది.

జపాను అనుభవం మరింత భయంకరమైనది. అక్కడ మూటే చంపింది. 1657లో ఎదో నగరాన్ని దహించిన మెయిరెకి అగ్నిప్రమాదంలో ప్రజలు చక్రాలున్న బట్టల పెట్టెలను వీధుల్లోకి లాక్కురావడంతో దారులు మూసుకుపోయాయి. ఆ శతాబ్దంలోనే ప్రభుత్వం అటువంటి చక్రాల పెట్టెలను నిషేధించింది. పాఠం మాత్రం నిలవలేదు. 1923 సెప్టెంబరు 1న కాంతో భూకంపం వచ్చినప్పుడు టోక్యోలోని హోంజోలో, అంతకుముందు సైనిక దుస్తుల గిడ్డంగి ఉన్న విశాలమైన ఖాళీ స్థలంలోకి వేలాది కుటుంబాలు పరుపులు, బట్టల మూటలు, బండ్లతో సహా చేరాయి. మంటలు సుడిగాలిగా మారి అక్కడికి చేరినప్పుడు ఆ సామానే కట్టెలయింది. ఆ ఒక్క చోటే సుమారు 38,000 మంది మరణించారు. 1960 నుంచి సెప్టెంబరు 1ని జపాను విపత్తు నివారణ దినంగా పాటిస్తోంది. ఇంటి గుమ్మం దగ్గర తగిలించి ఉంచే చిన్న అత్యవసర సంచి అక్కడ ఇంటింటి వస్తువుగా స్థిరపడింది. వీపున వేసుకొని రెండు చేతులూ ఖాళీగా పరుగెత్తగలిగినంతే అందులో ఉండాలన్నది నియమం. ఇది ఎక్కువ తీసుకుపోవడానికి చేసిన సంచి కాదు. ఎక్కువ తీసుకుపోకుండా ఆపడానికి చేసినది.

6. దివిసీమ: విడిచిన బట్టల సమస్య

1977 నవంబరు 19. చీరాల ప్రాంతంలో తీరం దాటిన తుపాను, కృష్ణా ముఖద్వారం వద్ద దివిసీమ మీదికి అయిదారు మీటర్ల ఎత్తున సముద్రాన్ని నెట్టింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు పదివేల వరకు ఉన్నారు. బతికినవారిలో చాలామంది తాటిచెట్లను, ముళ్ళకంపలను పట్టుకొని రాత్రంతా గడిపినవారు. నవంబరు చివరి చలిలో, తడిసిన ఒంటితో, ఉప్పునీటిలో నానిన గుడ్డపీలికలతో ఉన్న మనిషికి అన్నంతోపాటు ఆ క్షణాన కావలసింది పొడిబట్ట. తడి నూలుబట్ట ఒంటి వేడిని నిలపదు, పైగా లాగేస్తుంది. పసిపిల్లలకు, బాలింతలకు, వృద్ధులకు ఇది ప్రాణాంతకం.

రాష్ట్రమంతా కదిలింది. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలెపట్టి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. దివిసీమకు చెందిన మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయ కార్యక్రమాల్లో ముందు నిలిచారు. అటువంటి సమయాల్లో డబ్బుతో, బియ్యంతోపాటు ఇళ్ళ నుంచి కదిలేది పాతబట్ట. ఇక్కడే చరిత్రకారుడు ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది.

తెలుగు ఇంట్లో పాతబట్టకు అగౌరవం లేదు. పుట్టిన బిడ్డను మొదట చుట్టేది కొత్తగుడ్డలో కాదు, అమ్మమ్మ కట్టి మెత్తబడిన పాతచీర పొత్తిళ్ళలో. చివరికి చిరిగిన చీరకు కూడా స్టీలు సామాన్లవాడి దగ్గర వెల ఉంది. కాని అది సొంత ఇంటి పాతబట్ట. పరాయివారు విడిచిన బట్ట వేరు. దాన్ని కట్టుకోవడం పాలేరుతనానికి, ఆశ్రితత్వానికి గుర్తు. పండక్కి ఆసామి ఇచ్చే పాతపంచె అందుకొనే చెయ్యికి, ఇచ్చే చెయ్యికి మధ్య దూరం ఊరందరికీ తెలుసు. నిన్నటిదాకా సొంత పొలం, సొంత పడవ ఉన్న మనిషి ఉప్పెన మరునాడు లారీ దగ్గర నిలబడి ఎవరిదో చొక్కా అందుకోవడమంటే, ఇంటితోపాటు ఊళ్ళో తన స్థానం కూడా కొట్టుకుపోయిందని ఒప్పుకోవడం. దాత దృష్టిలో అది దయ. గ్రహీత దృష్టిలో అది హోదా మార్పు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ వైరుధ్యం కళ్ళకు కట్టింది. తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచి వచ్చిన పాతబట్టలు లారీలకొద్దీ రోడ్ల పక్కన, గిడ్డంగుల్లో కుప్పలుగా పడిపోయాయి. చేపలుపట్టే కుటుంబాలు వాటిని తాకలేదు. అలవాటు లేని దుస్తులు, కొలత కుదరని దుస్తులు, చిరిగినవి, మాసినవి అందులో ఎన్నో. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ ఆ బట్టలను ఏరి, వేరుచేసి, ఉపయోగంలోకి తెచ్చే పని చేపట్టింది. నూలుగుడ్డలను శుభ్రపరచి స్త్రీల నెలసరి అవసరాలకు గుడ్డలుగా మలిచే కార్యక్రమాన్ని కూడా ఆ సంస్థ నడిపింది. ఏ సహాయ జాబితాలోనూ అప్పటిదాకా పేరెత్తని అవసరం అది. బట్టల దానాన్ని బరువుతో కాక ఉపయోగంతో కొలవాలన్న ఆలోచన భారతదేశంలో ఆలస్యంగానైనా ఇలా బలపడింది.

ఇంటినుంచి తెచ్చుకున్న ఒక్క జత బట్ట విలువ ఈ నేపథ్యంలో అర్థమవుతుంది. అది చలిని ఆపడమే కాదు. లారీ దగ్గరికి వెళ్ళకుండా కాసేపు ఆగగలిగే స్వేచ్ఛను ఇస్తుంది.

7. చీర, ఆశ్రయ భవనం

1977 తరువాత తీరం వెంట తుపాను ఆశ్రయ భవనాలు వెలిశాయి. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా ముఖద్వారం ప్రాంతంలోనే తీవ్ర తుపాను తీరం దాటినప్పుడు, ముందస్తు హెచ్చరికలతో లక్షకు పైగా ప్రజలను తరలించగలిగారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. హెచ్చరిక గంటల వ్యవధి ఇచ్చింది కనుక మూట కట్టడం మళ్ళీ సాధ్యమైంది. అయితే మూట కట్టడానికి సమయం ఉండటమే బయలుదేరడాన్ని ఆలస్యం చేస్తుందన్న కొత్త చిక్కు కూడా వచ్చింది. పెట్టెకు తాళం వేసి దానికి కాపలాగా ఒకరు మిగిలిపోవడం తీరగ్రామాల్లో తరలింపు సిబ్బందికి బాగా పరిచితమైన సమస్య.

ఎవరు ఎప్పుడు బయలుదేరుతారన్న దానిలో స్త్రీల బట్టల పాత్ర ప్రత్యేకమైనది. 1991లో బంగ్లాదేశ్ తుపానులో 1,38,000 మందికి పైగా మరణించగా, వారిలో స్త్రీల నిష్పత్తి పురుషుల కంటే ఎక్కువ. సునామీలో తమిళనాడు గ్రామాల పరిస్థితీ అదే. ఇంటిపని, పిల్లల బాధ్యత, ఈత రాకపోవడంతోపాటు నీటిలో కాళ్ళకు చుట్టుకొనే చీరను కూడా పరిశోధకులు ఒక కారణంగా గుర్తించారు. దానికి తోడు మరొకటి: తడిసి ఒంటికి అంటుకున్న చీరతో, మార్చుకోవడానికి మరొకటి లేకుండా, ఊరంతా గుమికూడిన ఒకే పెద్ద గదిలోకి వెళ్ళడానికి స్త్రీలు జంకడం. బట్టలు మార్చుకొనే మరుగు, స్నానపు గది లేని భవనం కాగితం మీద అందరి ఆశ్రయమే గాని ఆచరణలో సగంమందిది. అటువంటి భవనంలో సంచిలోని రెండవ చీర తెర అవుతుంది, మరుగు అవుతుంది, ఊయల అవుతుంది. జాబితాలో ఒక జత అని రాసే చోట ఈ లెక్క ఉండదు.

ఈ కాలంలోనే మరొక మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. నూలుచీర సుమారు అరకిలో బరువు. తడిస్తే అంతకు రెట్టింపు మించుతుంది. ముసురులో రెండు రోజులైనా ఆరదు. టెరికాట్, పాలియెస్టరు బట్టలు గంటల్లో ఆరతాయి. పొలానికి తెచ్చిన యూరియా సంచి, దాని లోపలి ప్లాస్టిక్ తొడుగు పేద ఇంటికి నీరు చొరబడని మొదటి పెట్టెను ఇచ్చాయి. తీరంలోని కుటుంబం మూటను ఆధునికీకరించింది ప్రభుత్వ కరపత్రాలు చదివి కాదు. ఎరువుల సంచిని కడిగి ఆరబెట్టి.

8. ప్రభుత్వ పద్దులో బట్ట

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తుపాను సూచనల్లో అత్యవసర సంచి, నీరు చొరబడని పెట్టె వంటివి చోటుచేసుకున్నాయి. అంతర్జాతీయంగా 1997లో మొదలైన స్ఫియర్ ప్రయత్నం మానవతాసహాయానికి కనీస ప్రమాణాలను రూపొందించింది. ప్రతి వ్యక్తికి సరైన కొలతలో, సంస్కృతికి, రుతువుకు తగినట్టుగా కనీసం రెండు పూర్తి జతల బట్టలు ఉండాలన్నది వాటిలో ఒకటి. రెండే ఎందుకన్నదానికి జవాబు చాకిరేవులో ఎప్పుడో ఉంది: ఒకటి ఒంటిమీద, ఒకటి ఆరుతూ.

భారతదేశంలో విపత్తు సహాయ నిధి నియమాలు బట్టల నష్టాన్ని ఇంటి నష్టంతో కలపకుండా విడి పద్దుగా గుర్తించడం విశేషం. ఇల్లు కొట్టుకుపోయిన, పూర్తిగా దెబ్బతిన్న, లేదా రోజుల తరబడి నీట మునిగిన కుటుంబానికి 2015–20 నియమాల్లో బట్టలకు 1,800 రూపాయలు, 2022–26 నియమాల్లో 2,500 రూపాయలు నిర్ణయించారు. ఈ మొత్తం మనిషికి కాదు, కుటుంబానికి. నలుగురున్న ఇంటిలో మనిషికి రెండు జతల చొప్పున ఎనిమిది జతలు కావాలనుకుంటే, పాత లెక్కన జతకు 225 రూపాయలు, కొత్త లెక్కన సుమారు 312 రూపాయలు. ఆ ధరకు చిన్నపిల్లల గౌను దొరకవచ్చు; పెద్దవాళ్ళ చీర, రవిక, లంగా కలిపి దొరకడం కష్టం. ఎనిమిదిమందున్న ఉమ్మడి కుటుంబానికీ అంతే మొత్తం. అయినా బట్టను విడిగా పేర్కొన్న ఆ ఒక్క పంక్తికి చారిత్రక ప్రాధాన్యం ఉంది. ఒంటిమీది గుడ్డ దాతల దయకు వదిలిన వస్తువుగా కాక, పౌరుడు అడగగల హక్కుగా పద్దులోకి ఎక్కింది.

9. బుడమేరు, 2024

తీరానికి దూరంగా, నగరం మధ్యలో ఈ చరిత్ర మరొక మలుపు తిరిగింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన భారీ వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ పరిసరాలను ముంచింది. తీరంలోని మనిషికి రేవులో ఎగరేసే ప్రమాద సూచిక ఉంది; లంకలోని మనిషికి భద్రాచలం అంకె ఉంది. సింగ్ నగర్ వాసికి అటువంటి అలవాటైన గుర్తు ఏదీ లేదు. కింది అంతస్తుల కుటుంబాలు చేతికందినవి పట్టుకొని పై అంతస్తులకు, డాబాల మీదికి ఎక్కాయి. నీరు రోజుల తరబడి కదలలేదు. బీరువాల్లో ఇస్త్రీ చేసి పేర్చిన బట్టలు బురదనీటిలో నానిపోయాయి.

నీరు తీశాక ఆ వీధుల్లో పిట్టగోడల మీద, కిటికీ చువ్వల మీద, కరెంటు స్తంభాల మధ్య కట్టిన తాళ్ళ మీద బట్టలు ఆరాయి. పూరింటి దండెం మూడంతస్తుల మేడల మీదికి వచ్చింది. ఎంత ఉతికినా బురద మరక వదలని చీరలను, కొన్నది ఏ పెళ్ళికో గుర్తు చేసుకుంటూ, కొందరు మళ్ళీ మడతపెట్టి పెట్టెల అడుగున దాచారు. మిగిలినవి ఇంటి ముందు చెత్తకుప్పల్లోకి చేరాయి.